ఊరికే వచ్చిన పుస్తకం

ఊరికే వచ్చిన పుస్తకం గురించి రాసే మాట ఎంతవరకు మన మాట? సమీక్షలు రాయడం మొదలుపెట్టిన ఈ రెండేళ్లలో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన ప్రశ్న ఇదే. ఎంత పొడుగు రాయాలి, కథ ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ ఆపాలి లాంటివి రాస్తూ ఉంటే తెలిసిపోతాయి. ఇది మాత్రం ప్రతి పార్సిల్‌తోనూ మళ్లీ కొత్తగా వస్తుంది.

దీనికి చేతికందే జవాబులు రెండున్నాయి. "200 రూపాయల పుస్తకానికి అమ్ముడుపోతామా ఏంటి?" అన్నది మొదటిది. "పుస్తకం ఉచితంగా వచ్చిందని ఒక వాక్యం రాసేస్తే సరి" అన్నది రెండోది. రెండూ అబద్ధాలు కావు. కానీ తెలుగు పుస్తకం తిరిగే దారిలో రెండూ సరిగ్గా అతకవు. ఎందుకు అతకవో చెప్పాలంటే నేనున్న చోటు గురించి కొంచెం చెప్పాలి.

మాది రామతీర్థం. విజయనగరం జిల్లా, నెల్లిమర్ల మండలం. రాముడి గుడికి, శివరాత్రి జాతరకి జనం బాగానే వస్తారు. గుడి ముందు కొట్లలో వ్రతకథలు, పంచాంగాలు దొరుకుతాయి. కొత్త కథల సంపుటి కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా ఎవరైనా పంపాలి. కాబట్టి సమీక్షకని పుస్తకాలు రావడం మొదలైనప్పుడు నాకు కలిగింది నైతిక సందేహం కాదు, సంబరం. నెలకి ఒక పుస్తకం కొనుక్కోగలిగే మనిషికి నెలకి ఐదు వస్తుంటే ఎవరికి బాగుండదు? సందేహం ఆ పుస్తకాల మొదటి పేజీ తిప్పినప్పుడు మొదలైంది. అక్కడ నా పేరు ఉంటుంది. పేరు కింద "ఆత్మీయంగా" అని ఉంటుంది. దాని కింద సంతకం, తేదీ, చాలాసార్లు ఫోన్ నంబరు కూడా.

పెద్ద ఇంగ్లీషు ప్రచురణ సంస్థలకి సమీక్ష ప్రతి అనేది ఖర్చుల పద్దులో ఒక వరుస. ప్రచార విభాగంలో ఎవరో ఒక జాబితా పెట్టుకుని, పుస్తకం మార్కెట్లోకి రాకముందే ప్రతులు పంపుతారు. సమీక్ష బాగోలేదని ఆ ఉద్యోగికి రాత్రి నిద్ర పట్టకుండా పోదు. మన దగ్గర చాలా పుస్తకాలు రచయిత సొంత డబ్బుతో అచ్చవుతాయి. ఐదొందల కాపీలు వేయించి, కొన్ని ఆవిష్కరణ సభలో పంచి, కొన్ని బంధువులకిచ్చి, కొన్ని తెలిసిన రచయితలకు పోస్టు చేసి, మిగిలినవి మంచం కింద పెట్టుకునే వాళ్లు నాకే పదిమంది దాకా తెలుసు. అలాంటి రచయిత పంపే ప్రతిని లంచం అంటే పాపం తగులుతుంది. ఆయన నన్ను కొనడానికి రావట్లేదు. చదివే మనిషి కోసం వెతుకుతున్నాడు.

అందుకే "అమ్ముడుపోతామా" అన్న జవాబు ఇక్కడ పనికిరాదు. అమ్మకం ఎక్కడుందని? ఉన్నది బహుమానం. బహుమానం అమ్మకం కంటే గట్టిగా పట్టుకుంటుంది. అమ్మకంలో డబ్బిచ్చాక ఎవరి దారి వారిది. బహుమానంలో లెక్క తెగదు.

ఫ్రాన్సుకు చెందిన సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో బహుమానం మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. పసిఫిక్ దీవుల్లో, ఉత్తర అమెరికా పడమటి తీరంలో ఉండే తెగల ఇచ్చిపుచ్చుకోళ్ల గురించి అప్పటికి తెలిసిన సమాచారమంతా కూర్చి, ఆయన తేల్చింది ఇది: పైకి అది స్వచ్ఛందంగా ఇచ్చినట్టే ఉంటుంది గానీ, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం మూడూ తప్పించుకోలేని బాధ్యతలే. ఇది మనకు ఫ్రాన్సు నుంచి వచ్చి ఎవరూ చెప్పక్కర్లేదు. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే నోట్‌బుక్ ఉంటుంది కదా. ఎవరు ఎంత చదివించారో అందులో ఉంటుంది. వాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు ఆ పుస్తకం బయటికి తీస్తారు. సమీక్షకుల దగ్గర కూడా ఇలాంటి నోట్‌బుక్ ఒకటి ఉంటుంది, కాయితం మీద కాకపోతే మనసులో. ఆయన నాకు పుస్తకం పంపాడు, నా గురించి సభలో మంచిమాట చెప్పాడు, రేపు నా పుస్తకం వస్తే రాస్తాడు.

ఈ లెక్క మనచేత అబద్ధం చెప్పించదు. అదే దాని చాకచక్యం. బాగాలేని పుస్తకాన్ని గొప్ప పుస్తకమని రాసేవాళ్లు తక్కువే. ఎక్కువమంది చేసేది వేరు. చెప్పాల్సిన లోపాన్ని ఆఖరి పేరాలోకి తోసి, "చిన్న చిన్న లోపాలు ఉన్నప్పటికీ" అని ఒక ఉప్పురాయి వేసి ఊరుకోవడం. కథల గురించి చెప్పాల్సిన చోట రచయిత మంచితనం గురించి చెప్పడం. "ఆర్ద్రంగా", "గుండెను తడుముతూ", "ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన" లాంటి మాటలు వాడటం. ఈ మాటల సుగుణం ఏమిటంటే, పుస్తకం తెరవకుండా కూడా రాయొచ్చు. నేనొక పరీక్ష పెట్టుకున్నాను. నేను రాసిన వాక్యాన్ని తీసుకెళ్లి ఇంకో పుస్తకం మీద పెడితే అక్కడా సరిపోయిందంటే, అది సమీక్షలో వాక్యం కాదు. చదివింపు.

ఇక రెండో జవాబు, ముందే చెప్పేయడం. ప్రపంచం కూడా ఇటువైపే వచ్చింది. ఉచితంగా వస్తువులు తీసుకుని వాటి గురించి రాసేవాళ్లు ఆ సంగతి పాఠకుడికి తెలపాలని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో మార్గదర్శకాలు సవరించింది. మన దేశంలో అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం తెచ్చిన నియమాల్లోనూ డబ్బుతో పాటు ఉచితంగా అందిన వస్తువు కూడా చెప్పాల్సిన సంబంధమే. మంచిదే. నేనూ చెప్తాను.

నిజానికి ఈ పద్ధతి తెలుగువాళ్లకి కొత్తేం కాదు. మన పాత కావ్యాల్లో అవతారిక ఉండేది. కృతి ఎవరు కోరారు, కృతిభర్త ఎవరు, ఆయన వంశం ఎంత గొప్పది, అన్నీ అక్కడ చెప్పేవారు. పొగడ్తకి ఒక గది కట్టి, తలుపు మీద పేరు రాసినట్టు ఉండేది. చదివేవాడికి ఎక్కడ పొగడ్త, ఎక్కడ కావ్యం అన్నది తెలుసు. మా విజయనగరంలోనే గురజాడ 'కన్యాశుల్కం' మొదటి ప్రతిని 1897లో మహారాజా ఆనంద గజపతికి అంకితమిచ్చాడు. ఆ సంస్థానంలో ఉద్యోగం చేస్తున్నవాడే. ఆ సంగతి పుస్తకంలోనే ఉంది, ఎవరూ దాచలేదు. ఆ అంకితం వల్ల నాటకంలోని వాడి ఏమీ తగ్గలేదు కూడా.

మరి అవతారిక పద్ధతి సమీక్షకి సరిపోదా? సగమే సరిపోతుంది. "ఈ పుస్తకం రచయిత పంపారు" అని రాస్తే పాఠకుడికి పుస్తకం వచ్చిన దారి తెలుస్తుంది. ఆ రచయిత పక్క ఊరి మనిషి అనీ, మా నాన్నతో కలిసి చదువుకున్నాడనీ, వారానికోసారి ఫోన్ చేసి అడుగుతున్నాడనీ, ఇవన్నీ నా వాక్యం మీద ఎంత బరువు వేశాయో తెలియదు. ఆ బరువుకి మన భాషలో చాలా సరైన పేరుంది. మొహమాటం. ఆ మాటలోనే మొహం ఉంది. ఎదుటి మనిషి మొహం మనకి కనిపిస్తూ ఉంటుంది, మన నోరు ఆగిపోతుంది.

ఇది గాల్లో చెప్పే మాట కాదు. పోయిన ఏడాది ఒక మాస్టారు తన కవితల పుస్తకం పట్టుకుని బస్సెక్కి మా ఇంటికొచ్చారు. రిటైరై నాలుగేళ్లయింది. రిటైర్మెంట్ డబ్బులోంచి 45 వేలు పెట్టి వేయించుకున్నారు. టీ తాగి, పుస్తకం నా చేతిలో పెట్టి, "చదివి నీకేటనిపిస్తే అదే రాయమ్మా" అన్నారు. పది రోజులకి ఫోన్. "ఏటమ్మా, చదివేవా?"

చదివాను. రెండుసార్లు. మొత్తం 70 కవితలు. అందులో 9 వాళ్ల నాన్నగారి గురించి. ఆయన నెల్లిమర్ల జూట్‌మిల్లులో కార్మికుడు. సైరన్ కూతకి ఇల్లంతా లేవడం, నారధూళికి రాత్రంతా దగ్గే మనిషి పక్కన పడుకున్న పిల్లాడు, మిల్లు మూసిన నెలల్లో అప్పిచ్చిన కొట్టువాడి మర్యాద, ఆ 9 కవితల్లో ఉన్నాయి. అవి చదువుతుంటే పెన్సిల్ పక్కన పెట్టేశాను. మిగతా 61 ఉగాది మీద, జాతీయ జెండా మీద, తెలుగుతల్లి మీద, చెట్లు నరకొద్దని. కవిసమ్మేళనానికి పిలుపొచ్చినప్పుడల్లా ఒకటి రాసినట్టున్నాయి. వాటిలో మాస్టారు లేరు. ఎవరైనా రాయగలిగినవి.

అదే రాశాను. 9 కవితల గురించి మూడొంతులు రాసి, మిగతా వాటి గురించి ఒక వంతు రాశాను. అవి ఎందుకు నిలబడలేదో రెండు కవితలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఈ పుస్తకం 9 కవితలతో మొదలై ఆ మిల్లు చుట్టూనే తిరిగి ఉంటే జిల్లాకి ఒక మంచి పుస్తకం వచ్చేదని రాశాను. పుస్తకం ఆయనే ఇచ్చారనీ, ఆయన నాకు తెలిసినవారనీ మొదట్లోనే చెప్పాను.

అచ్చయిన మర్నాడు ఫోన్ చేశారు. "చదివేనమ్మా" అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న మీద రాసినవి బావున్నాయన్నావు. సంతోషం. మిగతావి రాసినవాణ్ని కూడా నేనే కదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఫోన్ లేదు. విజయనగరంలో ఒక సభలో కనబడితే అమ్మ ఆరోగ్యం అడిగారు. పుస్తకం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రాసినదాంట్లో ఒక్క వాక్యం కూడా ఇప్పటికీ మార్చను. కానీ ఆయన మాటని తేలిగ్గా తీసిపారెయ్యలేను. ఆయన చెప్పింది నిజం. పుస్తకంలో సగాన్ని మెచ్చుకుని సగాన్ని కాదనడం సమీక్షకురాలికి సులువు. రాసినాయనకి ఆ రెండు సగాలూ ఒకే ఒంటివి.

మా ఊళ్లో గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఇటుక గోడల మొదళ్లు, చైత్యాల ఆనవాళ్లు. పక్కనే బోడికొండ, దుర్గకొండ. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, అక్కడ బతికిన భిక్షువుల గురించి ఆలోచించింది ఈ సమీక్షల గొడవలో పడ్డాకే. వాళ్లది పూర్తిగా ఊరికే వచ్చినదాని మీద నడిచిన బతుకు. వాళ్ల నియమాల్లో భిక్ష తీసుకునే పద్ధతి చాలా వివరంగా ఉంది. తీసుకునేటప్పుడు దృష్టి పాత్ర మీదే ఉండాలి. భిక్ష వేసే స్త్రీ మొహం వంక చూడకూడదని వినయపిటకంలోని చుల్లవగ్గం చెబుతుంది. ఇంద్రియ నిగ్రహం కోసం పెట్టిన నియమమే అది. అయినా నాకు దాంట్లో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఇచ్చినవారి మొహం చూస్తే, ఎవరింట్లో ఆదరణ ఎక్కువో, ఎవరికి ఎంత రుణపడ్డామో లెక్క మొదలవుతుంది. పాత్ర వంక చూస్తే అందులో పడింది ఏమిటో అదే కనిపిస్తుంది.

పోలిక ఇంతవరకే నడుస్తుందని నాకూ తెలుసు. భిక్షువు అన్నం రుచి గురించి తీర్పు చెప్పడు. నేను చెప్పాలి. పైగా మాస్టారి మొహం చూడకపోతే నాకు జూట్‌మిల్లు కవితల విలువ పూర్తిగా తెలిసేదా అన్నది కూడా అనుమానమే. కాబట్టి నాకు అర్థమైనంత వరకు, చదివేటప్పుడు ఆ మనిషి గుర్తుండొచ్చు, ఉండాలి కూడా. అంచనా వేసేటప్పుడు మాత్రం కళ్లు పాత్ర మీదికి రావాలి. వాక్యం రాసేటప్పుడు మళ్లీ మనిషి గుర్తుకు రావాలి, ఎందుకంటే నిజాన్ని ఎకసెక్కంగా చెప్పే హక్కు నాకు ఎవరూ ఇవ్వలేదు.

"ఇంత బాధ ఎందుకు? నచ్చనిదాని గురించి రాయకుండా ఊరుకోవచ్చు కదా" అని మిత్రులంటారు. ఇది బలమైన వాదన. జార్జ్ ఆర్వెల్ 1946లో పుస్తక సమీక్షకుల మీద రాసిన వ్యాసంలో దాదాపు ఇదే చెప్పాడు. ఎక్కువ పుస్తకాల్ని అసలు పట్టించుకోకుండా వదిలేసి, అవసరమనిపించిన కొద్ది పుస్తకాల గురించి కనీసం వెయ్యి మాటల్లో వివరంగా రాయడమే మేలని. లండన్‌లో అది బాగానే ఉంటుంది. అక్కడ ఒకరు వదిలేసిన పుస్తకాన్ని ఇంకొకరు అందుకుంటారు. మన దగ్గర పుస్తకం గురించి రాసేదే ఇద్దరో ముగ్గురో. అందరూ మెచ్చుకోలు ఉంటేనే రాసి, లేకపోతే ఊరుకుంటే, అచ్చులో కనిపించేదంతా మెచ్చుకోలే అవుతుంది. అప్పుడు నిజంగా గొప్ప పుస్తకం వచ్చినప్పుడు చెప్పడానికి మాట మిగలదు. రాచమల్లు రామచంద్రారెడ్డి కడప జిల్లా నుంచి 'సంవేదన' నడిపి ఇన్నేళ్లయినా, మొహమాటం లేని విమర్శ అనగానే ఇప్పటికీ ఆయన పేరే ముందు చెప్పుకుంటున్నామంటే, అది ఆయన గొప్పతనం ఒక్కటే కాదు. మన కరువు కూడా.

ఇంకోటి. అడిగిన మనిషికి మౌనం కూడా జవాబే, అదీ అన్నిటికంటే కఠినమైనది. మాస్టారికి నేను ఏమీ రాయకపోతే, ఆయన 9 కవితల గురించి కూడా ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. అయితే అన్ని పుస్తకాలకీ ఒకే కొలబద్ద పెట్టను. మొదటి పుస్తకం వేసుకున్న వాళ్లది పూర్తిగా బాగోలేకపోతే బయట రాయను. పేజీ నంబర్లతో సహా ఉత్తరం రాస్తాను. పేరున్న రచయిత అజాగ్రత్తగా రాసిన పుస్తకమైతే బయటే రాస్తాను. ఆయన పేరు చూసి కొనేవాళ్లు ఉంటారు కాబట్టి.

ఆ కొనేవాళ్ల గురించే ఇన్నాళ్లూ తక్కువ ఆలోచిస్తామనిపిస్తుంది. నెల్లిమర్ల నుంచి విజయనగరం కాలేజీకి వెళ్లే ఒక డిగ్రీ అమ్మాయి నాకు అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది. "అక్కా, ఈ పుస్తకం 350. కొనమంటారా?" ఆ అమ్మాయికి 350 అంటే నెలకి సరిపడా బస్సు ఖర్చులో పెద్ద వాటా. ఈ వ్యవహారంలో ఎవరెవరు ఏమేం పెట్టారో ఒకసారి లెక్క వేశాను. మాస్టారు 45 వేలు పెట్టారు, దాంతో పాటు ఆయన బతుకు పెట్టారు. అమ్మాయి 350 పెట్టబోతోంది. పైసా కూడా పెట్టని మనిషిని నేనొక్కదాన్నే. పుస్తకం నాకు ఊరికే వచ్చింది. బాగోకపోయినా నాకు నష్టం లేదు.

కాబట్టి నేను పెట్టాల్సింది డబ్బు రూపంలో లేదు. నా దగ్గరున్నవి రెండే. ఒకటి, చదివే సమయం. ఆఖరి పేజీ దాకా, అనుమానం వచ్చిన చోట రెండోసారి. రెండోది, మంచి పేరు పోగొట్టుకోవడానికి సిద్ధపడటం. ఎవరికీ కోపం రాకుండా రాసే సమీక్షలో సమీక్షకులు పెట్టిన పెట్టుబడి ఏమీ ఉండదు. అది తెలిసే ఇచ్చినాయన దాన్ని నమ్మడు, కొనే అమ్మాయీ నమ్మదు.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి చిన్న చిన్న పద్ధతులు. పాత పత్రికల్లో 'స్వీకారం' అని ఒక చిన్న శీర్షిక ఉండేది. అందిన పుస్తకాల పేర్లు, రచయిత, వెల, దొరికే చోటు. అంతే, అభిప్రాయం ఉండదు. దాన్ని మళ్లీ మొదలుపెట్టాను. పంపినందుకు కృతజ్ఞత అక్కడ తీరిపోతుంది. సమీక్ష మీద దాని బరువు పడదు. పుస్తకం పంపుతామని అడిగినవాళ్లకి ముందే చెప్తాను: అందినట్టు తప్పకుండా రాస్తాను, చదువుతాను, సమీక్ష రాస్తానని మాట ఇవ్వను, రాస్తే అచ్చయ్యేవరకు చూపించను. ఇది విని పంపడం మానేసినవాళ్లు ఉన్నారు. పంపినవాళ్లూ ఉన్నారు.

చదివిన పుస్తకాల్ని నా దగ్గర ఉంచుకోను. సంతకం ఉన్నవి మాత్రం రచయితని అడిగి పంపిస్తాను. కథల పుస్తకాలు శ్రీకాకుళం వెళ్తాయి. కారా మాస్టారు 1997లో అక్కడ కథానిలయం పెట్టినప్పుడు, తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట ఉండాలన్నదే ఆయన కోరిక. మంచి కథ, చెడ్డ కథ అని గుమ్మంలో ఆపే పని అక్కడ లేదు. గ్రంథాలయం అన్నిటినీ తీసుకోవాలి. అది దాని ధర్మం. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ సొంత ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 చట్టం ప్రచురణకర్తలకి చెప్పేదీ ఈ ధర్మం మీద ఆధారపడే. అక్కడికి వెళ్లే ఉచిత ప్రతి ఎవరినీ రుణగ్రస్తుల్ని చెయ్యదు. దాచడం ఒక్కటే దాని బాకీ.

సమీక్షకుల బాకీ వేరు. మాస్టారి పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. పంపించెయ్యనా అని ఆయన్ని అడగాలి. అడగాలంటే నేనే ఫోన్ చెయ్యాలి, ఆ 61 కవితల గురించి ఆయన ఏమన్నా వినాలి. ఈ వారంలో చేస్తాను.